ఇంట్లో ఉంటేనే విదేశంలో చెల్లును

మా బ్యాంకువాళ్లు చెడ్డవాళ్లు కారు. చెడ్డవాడికి ఒక పని ఉంటుంది, అది చేసి ఊరుకుంటాడు. వీళ్లు మన మేలు కోరేవాళ్లు. మేలు కోరేవాడికి ఎక్కడ ఆపాలో తెలియదు.

నాకు మోటార్ల కొట్టు ఉంది. బోరుబావుల్లో దించే మోటార్లు అమ్ముతాను. ఏడాదికి ఇన్ని అమ్మితే విదేశం తీసుకుపోతామని కంపెనీ డీలర్లకు ఆశ పెడుతుంది. వానలు పడని ఏడు బోర్లు ఎక్కువ వేస్తారు, మోటార్లు ఎక్కువ పోతాయి. రైతు ఎండిపోయిన ఏడు డీలరు విమానం ఎక్కుతాడు. మా వ్యాపారధర్మం అది. ఇంతకుముందు బ్యాంకాక్ తీసుకుపోయేవాళ్లు. ఈసారి యూరప్‌లో మంచుకొండల ఊరు చూపిస్తామన్నారు. నీళ్లమోటార్లు అమ్మేవాళ్లను నీళ్లు గడ్డకట్టిన చోటికి తీసుకుపోవాలని ఎవరికి తోచిందో తెలియదు. ఇంట్లో నేనొక్కడినే. తాళం వేసుకుని వెళ్లడానికి ఎవరినీ అడగక్కర్లేదు. వెళ్లాను.

ప్రయాణానికి ముందు గుంటూరు హోటల్లో మీటింగు పెట్టారు. మా బ్యాంకు నుంచి విద్యాధర్ అనే అధికారి వచ్చాడు. వయసు ముప్పై, కోటు నల్లది. ఖాతాదారుల అనుబంధాల అధికారి అని అతని ఉద్యోగం పేరు.

“నోట్లకట్టలు బనీను జేబులో కుక్కుకుని దేశాలు తిరిగే దశ నుంచి ఖాతాదారుని విముక్తుణ్ని చేయడమే మా సంస్థ సంకల్పం,” అన్నాడు.

అని ఒక్కొక్కరికీ ఒక నీలంరంగు కార్డు ఇచ్చాడు. దాని మీద మంచుకొండ బొమ్మ. పేరు హిమశ్రీ. ఆ కార్డు కోసం మేం ఇరవైరెండుమంది డీలర్లమూ ఒకే శాఖలో ఖాతాలు తెరవాల్సి వచ్చింది. నాకు ముప్పైయేళ్ల నుంచీ అక్కడే ఖాతా ఉంది కాబట్టి కొత్తది అక్కర్లేకపోయింది.

“ఈ కార్డుంటే ప్రపంచంలో ఏ తలుపైనా తెరుచుకుంటుంది,” అన్నాడు విద్యాధర్.

వినుకొండ డీలరు మీరావలి లేచాడు. “తెరుచుకోకపోతే ఏం చేయాల సారూ?”

“అటువంటి పరిస్థితి ఉత్పన్నం కాదు. అయినా నేను మీ వెంటే ఉంటాను.”

కార్డుకి అది మొదటి ప్రయాణమట. దగ్గరుండి చూసి రమ్మని బ్యాంకు తన ఖర్చుతో అతన్నీ పంపింది.

అక్కడికి చేరిన మూడోరోజు మమ్మల్ని కేబుల్ కారులో కొండమీదికి ఎక్కించారు. కంపెనీ మనిషి కిందే ఉండిపోయాడు. అతనికి మోకాళ్ల నొప్పులు. పైకి టికెట్టు కంపెనీ కొన్నది. కిందికి కొనలేదు. ఆ దేశంలో కొండెక్కినవాడు కాళ్లకు రెండు పొడుగాటి చెక్కలు కట్టుకుని జారుకుంటూ దిగుతాడు. వాటిని స్కీలంటారు. మాకూ కట్టించారు. జారి దిగేవాడికి టికెట్టెందుకని కంపెనీ ఆలోచన. లెక్క సరిగ్గానే ఉంది. డీలర్లే సరిగ్గా లేరు.

ఇరవయ్యేళ్ల పిల్ల ఒకతె మాకు గంటసేపు నేర్పింది. తర్వాత అంచు దాకా తీసుకుపోయి కిందికి చూపించింది. ఊరు అగ్గిపెట్టెలు చల్లినట్టు కనిపించింది.

అద్దంకి డీలరు పేరయ్యకి అరవైరెండేళ్లు, ఒంట్లో చక్కెర. ఆయన ఒక్కసారి చూసి చెక్కలు విప్పేశాడు. “దీన్ని దిగటం అనరురా. పడటం అంటారు.”

మార్కాపురం డీలరు ఒకాయన మాత్రం ప్రయత్నించాడు. నిలబడి పది గజాలు వెళ్లాడు. తర్వాత కూర్చున్నాడు. కూర్చునే ఇంకో ఇరవై గజాలు వెళ్లాడు. అతన్ని తాడు వేసి లాగాం.

అప్పుడు మైకులో ఏదో చెప్పారు. గాలి పెరుగుతోందట. ఆఖరి కేబుల్ కారు మధ్యాహ్నం ఒంటిగంటకు. ఆపైన కొండమీది గదులన్నీ మూసేస్తారు. ఆ మాట వినగానే మిగతా జనమంతా చెక్కలు సవరించుకుని పక్షుల్లా జారిపోయారు. మేం ఇరవైమూడు మందిమీ కేబుల్ కారు గేటు దగ్గర నిలబడ్డాం. అప్పుడు పదకొండు గంటలు. కిందున్న కంపెనీ మనిషికి ఎన్నిసార్లు చేసినా ఫోను ఎత్తలేదు.

గేటు పక్కన టికెట్టు మిషను. దానికి కార్డు గీకే చీలిక ఉంది గానీ నోటు తీసుకునే నోరు లేదు. మీరావలి బనీను జేబులోంచి నోట్లు తీశాడు. విద్యాధర్‌కి తెలియకుండా హైదరాబాదులో మార్చుకొచ్చినవి. గేటు దగ్గర కూర్చున్నామె చిరునవ్వు నవ్వి బోర్డు చూపించింది. ఆ దేశంలో నోట్లు అచ్చు వేస్తారు. తీసుకోరు.

వెనకబడిన దొర ఒకడు కనబడితే, ఈ నోట్లు తీసుకుని నీ కార్డు గీకమని మీరావలి సైగలతో అడిగాడు. ఇరవైమంది కోతిటోపీలవాళ్లు చుట్టూ మూగి నోట్లు ఊపుతుంటే ఆ దొర జేబు గట్టిగా పట్టుకుని కొండ దూకేశాడు. నేనైనా అదే చేసేవాణ్ని.

“ఆందోళన వలదు. నేను దారి చూపిస్తాను,” అని విద్యాధర్ తన హిమశ్రీ తీసి మిషన్లో పెట్టాడు. మిషను ఎర్రదీపం చూపించింది. పక్కన డబ్బులిచ్చే ఏటీఎం ఉంటే అందులోనూ పెట్టాడు. మీ దేశపు డబ్బులో కోయమంటారా, మా దేశపు డబ్బులో కోయమంటారా అని అది అడిగింది. అతను చాలాసేపు ఆలోచించి ఒకటి నొక్కాడు. అది ఏ డబ్బులోనూ కోయకుండా కార్డు బయటికి నెట్టింది. తర్వాత మేమందరం వరసగా గీకాం. ఇరవైమూడు ఎర్రదీపాలు. ఇరవైమూడు ఫోన్లూ ఒకేసారి మోగాయి.

సందేశం తెలుగులోనే ఉంది. “విదేశీ వినియోగ సంరక్షణ నిబంధన ప్రకారము తమ లావాదేవీ నిలుపబడినది. తాము నమోదిత చిరునామాయందు నివసించుచున్నట్లు మా ప్రతినిధి స్వయముగా చూచి ధ్రువీకరించిన తక్షణమే అనుమతింపబడును.”

నేను మా శాఖ మేనేజరు పీతాంబరానికి ఫోను చేసి, అందరికీ వినపడేట్టు స్పీకరు పెట్టాను. మన దగ్గర మూడున్నర. బ్యాంకు అయిదున్నరకి మూస్తారు. అక్కడ ఒంటిగంటా ఇక్కడ అయిదున్నరా ఒకటే.

“నమస్కారమండీ బసవపున్నయ్యగారూ! హిమగిరి విహారం సుఖప్రదంగా సాగుతోందా?”

“కార్డు పనిచేయటం లేదు.”

“పనిచేయబట్టే ఆగిందండీ. ఆపడమే దాని విశిష్టత. విదేశంలో కార్డు కదలగానే ఖాతాదారు ఇంట్లో ఉన్నదీ లేనిదీ మా ప్రతినిధి వెళ్లి చూడవలెను. ఏ ఊరికి ఆ ఊళ్లో మనుషులను పురమాయించాము. ఇప్పటికే బయల్దేరారు.”

“నేను ఇక్కడుంటే ఇంట్లో ఎట్టా ఉంటాను?”

“ఆ ప్రశ్న నిబంధనలో లేదండీ.”

“ఇంట్లో ఉన్నాననుకో.”

“అప్పుడు విదేశంలో కార్డు దొంగ చేతిలో ఉన్నట్టు. రద్దు.”

“లేననుకో.”

“చిరునామా బూటకమైనట్టు. నిలుపుదల.”

“మరి ఎవడికి పనిచేస్తుందయ్యా ఇది?”

“ప్రవేశపెట్టిన నాటి నుంచి దుర్వినియోగం ఒక్కటంటే ఒక్కటి జరగలేదండీ,” అన్నాడు పీతాంబరం. గొంతులో గర్వం వినపడింది.

పదకొండున్నర నుంచీ ఒక్కొక్కరి ఫలితం రావడం మొదలైంది. వినుకొండలో మీరావలి భార్య తలుపు తీసి, ఆయన ఊళ్లో లేడని నిజం చెప్పింది. నిలుపుదల. పేరయ్య తెలివిగా అద్దంకిలో ఉన్న తమ్ముడికి ముందే ఫోను చేసి, నేనే పేరయ్యనని చెప్పరా అన్నాడు. తమ్ముడు అట్టాగే చెప్పాడు. కార్డు రద్దు. పైగా ఇంకో సందేశం వచ్చింది. తమ కార్డును విదేశములో వాడుచున్న వ్యక్తిని పట్టుకొనుటకు సహకరింపగలరు.

పేరయ్య దాన్ని రెండుసార్లు చదివాడు. “ఏందిరా మీరావలీ, నన్ను నేను పట్టుకోవాలంటనా?”

“పట్టుకో బాబాయ్. వణుకుతున్నావు, ఎట్టాగూ పట్టుకోవాల ఎవరో ఒకరు.”

విద్యాధర్‌ది ఇంకా బాగుంది. మా ఆయన బ్యాంకు పనిమీద విదేశం వెళ్లారని అతని భార్య చెప్పింది. బ్యాంకు పేరు వాడుకుని మోసగించుచున్నట్లు బలమైన అనుమానం అని ప్రతినిధి రాశాడు. విద్యాధర్ ఆ సందేశం చదువుకుని కోటు గుండీలు పెట్టుకున్నాడు. “నిబంధన నిష్పాక్షికంగా అమలవుతున్నందుకు ఒక ఉద్యోగిగా సంతోషించాలి,” అన్నాడు. సంతోషించలేదు.

పన్నెండు దాటింది. పేరయ్య పొద్దున సూదిమందు వేసుకుని, ఆ చప్పిడి రొట్టె సయించక సగం వదిలేసి వచ్చాడు. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి. నుదుట చెమట పట్టింది. అంత మంచులో చెమట. కొండమీది హోటల్లో బల్ల మీద పంచదార పొట్లాలుంటే మూడు నోట్లో పోశాం. కాసేపు నిలబడ్డాడు. మళ్లీ వాలిపోయాడు. సూపు వాసన ముక్కులు పగలగొడుతోంది. దానికీ కార్డే. గేటు దగ్గరామె పరుగెత్తుకొచ్చి చూసి, హెలికాప్టరు పిలవమంటారా అని అడిగింది. పిలవమన్నాం. ఎంతో మర్యాదగా కార్డు గీకే మిషను తెచ్చి ముందు పెట్టింది.

ఇరవైరెండు ఇళ్లు అయిపోయాయి. ఇక నా ఇల్లొకటే మిగిలింది.

పన్నెండున్నరకి పీతాంబరం ఫోను చేశాడు. మా ఇంటి దగ్గరికి వెళ్లిన ప్రతినిధి పేరు ఏడుకొండలు. అతన్నీ అదే ఫోన్లో కలిపాడు. అతనూ స్పీకరు పెట్టాడు. పక్కింటి సీతారావమ్మ గొంతు నాకు ముందుగా వినపడింది. ఆమె గొంతుకి ఫోను అక్కర్లేదు.

“తాళం కనబట్టల్లా? ఆయన ఊళ్లో లేడయ్యా. కళ్లున్నాయా లేవా నీకు?”

“ఇంటికి తాళం ఉన్నది సార్,” అన్నాడు ఏడుకొండలు ఫోన్లో. “నిలుపుదల రాయమంటారా?”

“ఒక్క నిమిషం ఆగవయ్యా,” అన్నాడు పీతాంబరం. కాగితాలు తిరగేసిన చప్పుడైంది. “బసవపున్నయ్యగారూ, తమది ఉమ్మడి ఖాతా గదండీ! రెండవ ఖాతాదారు శ్రీమతి తులశమ్మగారు.”

పీతాంబరం ఆగలేదు.

“అద్భుతం! ఒకరు విదేశంలో, ఒకరు నమోదిత చిరునామాలో. నిబంధన సంపూర్ణంగా తృప్తి చెందుతున్నది. ఇంతటి ఆదర్శ ఖాతా మా శాఖలో వేరొకటి లేదండీ. ఆమె ఇంట్లో ఉన్నారని తమరు ఒక్కమాట అంటే చాలు.”

“చచ్చిపోయింది,” అన్నాను.

“మా రికార్డులో అటువంటిది లేదండీ.”

లేదు. నాలుగేళ్ల కిందట మున్సిపాలిటీ కాగితం తీసుకుపోయి, ఆమె పేరు తీసెయ్యమని దరఖాస్తు ఇచ్చాను. ఉమ్మడి ఖాతాలో పేరు తొలగించాలంటే ఇద్దరూ సంతకం చేయాలని తిప్పి పంపారు. ఏటా ఇస్తున్నాను. ఏటా ఆమె సంతకం పెట్టాల్సిన చోట పెన్సిలుతో సున్నా చుట్టి పంపుతున్నారు. ఒక ఏడు ఈ పీతాంబరమే, “వారికి కుదిరినప్పుడు వెంటబెట్టుకు రండి” అన్నాడు. ఆ మాట నేను మరిచిపోలేదు. మరిచిపోయే ఉద్దేశమూ లేదు.

నాలుగేళ్లు వీళ్లు ఆమెను చావనివ్వలేదు. నేను మాత్రం చచ్చిపోయిందనే అంటూ వచ్చాను. ఆ ఒక్కమాటా నాది. ఇప్పుడు దాన్ని కూడా వెనక్కి తీసుకోమంటున్నారు.

“చెప్పను,” అన్నాను.

విద్యాధర్ ముందుకొచ్చాడు. “సార్, ఇది కేవలం సాంకేతికమైన జీవం. భావోద్వేగాలకు—”

“నువ్వు నోరు మూసుకో సారూ,” అన్నాడు మీరావలి. పేరయ్య తల అతని ఒళ్లో ఉంది. మీరావలి నా వంక చూశాడు. “అన్నా, మన ఇంటికొచ్చిన మనిషిని వదిన ఎప్పుడైనా అన్నం పెట్టకుండా పంపిందా?”

పంపలేదు. అదొక జబ్బు ఆమెకి. కరెంటు బిల్లు ఇచ్చేవాడిక్కూడా పెట్టేది. నేను తిట్టేవాణ్ని. తిట్లు విని మళ్లీ పెట్టేది.

పన్నెండూ నలభై. పేరయ్య కళ్లు సగం మూతపడ్డాయి.

“ఇంట్లోనే ఉంది,” అన్నాను.

అవతల సీతారావమ్మ గుండెలు బాదుకుంది. “ఏందయ్యో, మతిగాని పోయిందా నీకు? ఎవురుండేది ఇంట్లో?”

“సీతారావమ్మా,” అన్నాను, “తులశమ్మ ఇంట్లోనే ఉంది. కిటికీలోంచి చూపించు.”

“ఉందిలే,” అంది సీతారావమ్మ. నలభయ్యేళ్లలో ఆమె గొంతు తగ్గడం నేను వినడం అదే మొదలు. “రా బాబూ, ఇటు వరండాలోకి. అదుగో, ఎదురుగా గోడ దగ్గర. చూసుకో.”

“కనిపిస్తున్నారు సార్,” అన్నాడు ఏడుకొండలు. “బయటికి పిలవమంటారా?”

“పిలవొద్దు. కొత్తవాళ్ల ముందుకి రాదు,” అన్నాను.

పీతాంబరానికి ఒక్క సందేహం వచ్చింది. “బయటినుంచి తాళం వేసి ఉన్నదన్నారు గదా?”

“ఆయన పద్ధతే అంత,” అంది సీతారావమ్మ. అది కూడా నాకు అంటించింది.

“పోనీలెండి. నిబంధనలో తాళం ప్రస్తావన లేదు. ఏడుకొండలూ, రాసుకో.”

ఏడుకొండలు రాస్తూ పైకి చదివాడు. “రెండవ ఖాతాదారును కిటికీ ద్వారా స్వయముగా చూచితిని. గోడవద్ద పూలమాలతో ఉన్నారు. నుదుట కుంకుమ ఉన్నది. ముఖము ప్రసన్నముగా ఉన్నది. లావాదేవీ వివరములు మూడుసార్లు గట్టిగా వినిపించితిని. అభ్యంతరము తెలుపలేదు.”

ఒంటిగంటకు పది నిమిషాలుందనగా నా కార్డుకి పచ్చదీపం వెలిగింది.

ముందు సూపు కొన్నాను. మీరావలి దాన్ని చెంచాతో పేరయ్య నోట్లో పోశాడు. ఆయన రెండు చెంచాలు తాగి, “ఉప్పు లేదు” అన్నాడు. బతుకుతాడని తెలిసింది. తర్వాత టికెట్లు. మిషన్లో ఇరవైరెండుసార్లు గీకాను. విద్యాధర్ ఇరవైమూడోవాడు. కోటు గుండీలన్నీ పెట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అతనికీ ఒకటి కొన్నాను. దయతో కాదు. కిందికి దిగితేనే గదా తిట్టడానికి దొరికేది.

కేబుల్ కారు గాలికి ఊగుతూ దిగింది. నాతో పాటు ఉన్నవాళ్లంతా దేవుళ్లను తలుచుకున్నారు. నేను తలుచుకోలేదు. తులశమ్మ ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు. బ్యాంకాక్‌కి భార్యలను కూడా తీసుకురావచ్చని ఒక ఏడు కంపెనీ అంటే, కొట్టు ఎవరు చూస్తారని నేనే వద్దన్నాను. కొట్టు ఆమె చూసింది.

ఇంటికొచ్చిన పదోరోజున బ్యాంకు నుంచి ఉత్తరం వచ్చింది. పైన ఆమె పేరు. సంరక్షణ నిబంధనను విజయవంతంగా నెరవేర్చిన ప్రథమ ఖాతాదారు అయినందుకు అభినందనలు. అయితే విదేశీ లావాదేవీని ధ్రువీకరించినవారు పదిహేను రోజుల్లోగా శాఖకు స్వయంగా వచ్చి, ధ్రువీకరించినది తామేనని ధ్రువీకరించాలి. లేనిచో ఖాతా స్తంభింపజేయబడును.

ఉత్తరం పట్టుకుని వెళ్లాను. పీతాంబరం లేచి నిలబడి కుర్చీ వేశాడు. విద్యాధర్ పక్కనే ఉన్నాడు. అతని మీద విచారణ జరుగుతోంది. విచారణ అధికారి కూడా అతనే. అనుబంధాల విభాగంలో వేరే మనిషి లేడు.

“తులశమ్మగారు రాలేదాండీ?”

“లేదు. వెళ్లింది.”

“ఎక్కడికి?”

“ఆ మంచుకొండకి.”

“ఎప్పుడు?”

“నేనొచ్చాక. నువ్వు చూశావు గదా, నేనూ చూడాలంది. వెళ్లనిచ్చాను.”

“తిరిగి ఎప్పుడొస్తారు?”

“రాదు. అక్కడ బాగుందంట.”

పీతాంబరం నిబంధనల పుస్తకం తెరిచాడు. చాలాసేపు చదివాడు. చదువుతుంటే ముఖంలో మెల్లగా వెలుగొచ్చింది. “ఖాతాదారు చిరునామా శాశ్వతంగా మారినప్పుడు, బాధ్యతగల అధికారి కొత్త చిరునామాకు వెళ్లి ప్రత్యక్షంగా ధ్రువీకరించవలెను. దూరపరిమితి చెప్పలేదు.”

“చెప్పలేదు,” అన్నాను.

నెల తిరక్కుండానే పైనుంచి అనుమతి వచ్చింది. సెలవు ప్రయాణ రాయితీ కూడా కలిసొచ్చిందట. వెళ్లే ముందురోజు పీతాంబరం మా కొట్టు దగ్గర ఆగాడు. జేబులోంచి కొత్త హిమశ్రీ కార్డు తీసి చూపించాడు. చేతికి నోట్లు తీసుకుపోతున్నారా అని అడిగాను. బ్యాంకు మేనేజరై ఉండి నోట్లు మోయడం సంస్థకే తలవంపులన్నాడు. కొండమీద చలి ఎట్టా ఉంటుందని అతనడిగితే, స్వెట్టరు చాలన్నాను.

“మరి ఇంట్లో ఎవరుంటారు?” అన్నాను.

“ఎవరుంటారండీ? భార్యాపిల్లలూ, మా అమ్మా, అందరం వెళ్తున్నాం. ఇంటికి మంచి తాళం కొన్నాను,” అన్నాడు.

మంచిపని చేశారన్నాను.